సియెరా దిగి ఇండిపెండెన్స్‌లో ఆగినప్పుడు

పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 4,265 కిలోమీటర్ల నడకదారి. అంత దూరానికీ కావలసిన తిండిని ఒకేసారి మోయడం ఎవరివల్లా కాదు. నాలుగైదు రోజులకోసారి, కొన్నిచోట్ల వారానికోసారి ఏదో ఒక ఊళ్లోకి దిగి, సరుకులు నింపుకుని మళ్లీ కొండెక్కాలి. బయటివాళ్లు దీన్ని సెలవు అనుకుంటారు. నిజానికి ఊళ్లో చేతినిండా పని ఉంటుంది. ఏ పని ముందో ఏది తర్వాతో తేల్చుకుని దిగితేనే ఒంటికి విశ్రాంతి మిగులుతుంది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల కింద ఉన్న ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో నేను ఆగిన తీరు, అటు నడవబోయే మనవాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ ట్రెయిల్ మొత్తంలో ఎత్తైన చోటు ఫారెస్టర్ పాస్ అనే కనుమ, సుమారు 4,000 మీటర్లు. అది దాటేసరికి తిండి అడుగంటింది. దగ్గర్లో ఊరేమీ లేదు. ట్రెయిల్ వదిలి తూర్పుగా కియర్‌సార్జ్ పాస్ ఎక్కి ఆనియన్ వ్యాలీ దాకా దిగాలి. ఇది దాదాపు 12 కిలోమీటర్ల నడక. అక్కడి నుంచి ఊరికి ఇంకో 21 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంటుంది. ముందురోజు రాత్రి కియర్‌సార్జ్ సరస్సుల దగ్గర గుడారం వేసుకుని, తెల్లవారకముందే బయలుదేరాను. కారణం పోస్టాఫీసు. నా తిండి పెట్టె అక్కడుంది, ఆ రోజు శుక్రవారం. కౌంటర్ మూసేశాక వెళ్తే సోమవారం దాకా ఎదురుచూడాలి.

ఆనియన్ వ్యాలీలో కారు ఆపి ఎక్కించుకున్నవారు చేపలు పట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన. దారిలో ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న, "పైన మంచు ఎంతుంది?" అని. 1,600 మీటర్ల ఎత్తు ఒక్కసారిగా దిగిపోవడంతో చెవులు దిబ్బడ వేశాయి. పొద్దున చేతులు కొంకర్లు పోయే చలిలో ఉన్నవాణ్ణి, కిందికి వచ్చేసరికి ఎడారి ఎండలో పడ్డాను.

అమెరికాలో జనరల్ డెలివరీ అనే పద్ధతి ఉంది. మన పేరు, 'జనరల్ డెలివరీ' అన్న మాట, ఊరి పేరు, పిన్‌కోడ్ రాసి పంపితే ఆ ఊరి పోస్టాఫీసులో పార్సిల్‌ను దాచి ఉంచుతారు. ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపించి తీసుకోవచ్చు. పెట్టె మీద ఎప్పటికి వస్తామో తేదీ వేయడం మరచిపోకండి. వాళ్లు 30 రోజులకు మించి అట్టిపెట్టరు. నా అభిప్రాయంలో ప్రతి ఊరికీ పెట్టె పంపడం దండగ. నెలల తరబడి ఒకే తిండి తింటే నాలుక ఎదురు తిరుగుతుంది. పెద్ద దుకాణాలున్న చోట అక్కడికక్కడే కొనుక్కోవడం మేలు. ఇండిపెండెన్స్ వంటి చిన్న ఊరికి మాత్రం పెట్టె తప్పనిసరి.

పెట్టె చేతికి రాగానే గది తీసుకుని ముందు పవర్ బ్యాంకును ప్లగ్‌కు పెట్టాను. పూర్తిగా నిండడానికి గంటలు పడుతుంది కాబట్టి అన్నింటికన్నా ముందు అది. తర్వాత స్నానం, తర్వాత బట్టలు. ఉన్న బట్టలన్నీ ఒకేసారి ఉతకాలి కాబట్టి వాన కోటు, వాన ప్యాంటు వేసుకుని కూర్చోవలసిందే. అందరూ చేసేది అదే. స్లీపింగ్ బ్యాగును ఎండలో పరిచాను. కొండ మీద రోజూ కొంచెం కొంచెంగా పట్టిన చెమ్మ ఆరితే దాని ఈకలు మళ్లీ పొంగుతాయి, వెచ్చదనం తిరిగి వస్తుంది. నీటి ఫిల్టర్‌ను వెనక నుంచి శుభ్రమైన నీటితో కడిగాను. ఈ ఫిల్టర్ ఒక్కసారి గడ్డకట్టినా లోపలి సన్న గొట్టాలు పగిలిపోవచ్చు, పైకి మాత్రం ఏమీ తెలియదు. అందుకే చలి రాత్రుల్లో దాన్ని నా పక్కలోనే పెట్టుకుని పడుకుంటాను.

గ్యాస్ డబ్బాలో ఎంత మిగిలిందో తేల్చడానికి ఒక తేలిక మార్గం ఉంది. సింకులో నీళ్లు నింపి డబ్బాను వదిలితే, ఖాళీ అయినకొద్దీ పైకి తేలుతుంది. కొన్ని డబ్బాల మీద ఈ కొలత గీతలు ముద్రించే ఉంటాయి. నాది బాగా పైకి తేలింది. కొత్తది కొన్నాను.

సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేశాను. ఇక్కడికీ మన దేశానికీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, అక్కడ అప్పుడే తెల్లవారింది. అమ్మ ముఖం చూసి ఊరుకోలేదు. "నాన్నా, కాళ్లు చూపించు" అంది. చూపించాను. మడమ దగ్గర పాత బొబ్బ మానిపోయి గట్టిపడింది, చిటికెన వేలి గోరు నల్లబడింది. నెలల నడకలో పాదాలు ఉబ్బి పెరుగుతాయి, ఒక సైజు పెద్ద బూట్లు కావాలి అని చెబితే ఆమె నమ్మలేదు.

మర్నాడు జీరో డే, అంటే ట్రెయిల్ మీద ఒక్క అడుగూ పడని రోజు. ఊరికి దక్షిణాన 10 కిలోమీటర్లలో మంజనార్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న పదివేల మందికి పైగా నిర్బంధించిన శిబిరం అది. చూడాలని ఎంతగానో ఉంది. అయినా వెళ్లలేదు. జీరో డేని ఊరు చూడడానికి వాడితే కాళ్లకు అది మామూలు రోజే అయిపోతుంది. తిన్నాను, పడుకున్నాను, లేచి మళ్లీ తిన్నాను.

మధ్యాహ్నం తర్వాత తిండి సర్దాను. సియెరాలోని ఈ భాగంలో ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండి పెట్టుకోవాలన్నది నిబంధన. ఖాళీ డబ్బాయే కిలోకు పైగా తూగుతుంది. అందులో తదుపరి మజిలీ వెర్మిలియన్ వ్యాలీ దాకా దాదాపు 145 కిలోమీటర్లకు సరిపడా తిండి పట్టాలి. నూడుల్స్ ప్యాకెట్లకు సూదితో బెజ్జం చేసి గాలి తీసి, చపాతీలను డబ్బా గోడ వెంబడి వంచి అమర్చాను. పెట్టెలో వచ్చిన అటుకులు, కందిపొడి మధ్యలో పోశాను. అటుకులకు చల్లటి నీళ్లు చాలు, గ్యాస్ ఖర్చు లేదు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థం గ్రాముకు 4. ఇదే బరువులో ఎక్కువ శక్తి కావాలంటే పల్లీ వెన్న, నూనె సీసా వదలకూడదు. మూతపడక మిగిలిన ఓట్స్‌ను హైకర్ బాక్స్‌లో వేశాను. నడిచేవాళ్లు తమకు అక్కర్లేనివి వదిలేసి, కావలసినవి ఉచితంగా తీసుకునే పెట్టె అది. అందులోంచి నాకు ఎవరో వదిలిన బాదం పప్పు దొరికింది.

ఆదివారం పొద్దున ఆనియన్ వ్యాలీకి లిఫ్ట్ దొరకడానికి చాలాసేపు పట్టింది. అందరూ దిగేవాళ్లే, ఎక్కేవాళ్లు తక్కువ. అక్కడి నుంచి పాస్ దాకా దాదాపు 800 మీటర్లు ఎక్కాలి. ఈ విడత అంతటిలో వీపు మీది బస్తా అత్యంత బరువుగా ఉండేది ఈ ఎక్కుడులోనే. అందుకే ఆ పూట వేగం లెక్క పెట్టుకోకుండా నెమ్మదిగా ఎక్కాను. సాయంత్రానికి ట్రెయిల్ కలిసే చోటు దాటి, గ్లెన్ పాస్‌ను మర్నాటి పొద్దుటికి వాయిదా వేసుకుని గుడారం వేశాను. ఆ రాత్రి డబ్బాలో అన్నింటికన్నా బరువైనవే ముందు తిన్నాను.