మెదక్ మంచులో మూగబోయిన డప్పు

మెదక్ నుంచి వచ్చి మూడు రోజులైంది, మణికట్టు ఇంకా సలుపుతూనే ఉంది. సలపనీ. పోయిన ఏడాది ఇదే చేత్తో టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను. స్కూటర్ మీంచి పడి మణికట్టు విరిగితే లోపల ప్లేటు వేశారు, ఎనిమిది నెలలు సిర్ర, అదే డప్పు కొట్టే పుల్ల, ముట్టలేదు. డప్పు కొట్టేవాడికి సిర్ర పట్టే చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? అప్పుడే అనుకున్నాను, చెయ్యి నయమైతే క్రిస్మస్‌కి మెదక్ పోయి అక్కడి పెద్ద చర్చి, మేం గుడి అంటాం, దాని ముందు డప్పు కొడతానని. నేను మొక్కు అంటాను, మా సంఘంలో అక్కలు 'మొక్కు కాదు తమ్మీ, మ్రొక్కుబడి అనాలె' అని సరిచేస్తారు. రెండూ ఒకటే కదా అంటే నవ్వుతారు.

అసలు నేను పాట వెంట పడి ఇటు వచ్చినవాణ్ణి, వాక్యం విని కాదు. నాలుగేళ్ల కింద హనుమకొండలో క్యారల్స్‌కి డప్పు కావాలంటే కూలికి పోయాను. రాత్రికి ఐదు వందలు, భోజనం. పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే నేను గేటు బయట బీడీ కాల్చుకుంటూ నిలబడేవాణ్ణి (ఇప్పుడు మానేశాను, మానేసినట్టే లెండి). మూడో రాత్రి చివరి ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడని కీబోర్డు, డప్పు అన్నీ ఆపించి, నలుగురు ఆడవాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. మెల్లగా, సాగదీసి. ఆ ముసలాయనకు మాట పడిపోయింది, పెదవులు మాత్రం పాటతో పాటు కదులుతున్నాయి, ఒక్క ముక్క తప్పకుండా. నాకు తెలియకుండానే నా వేళ్లు డప్పు అంచు మీద ఆడుతున్నాయి. తర్వాత ఆ పుస్తకం అడిగి చూశాను, కీర్తనల పైన రాగం, తాళం వేసి ఉన్నాయి. రాగాలు నాకేం తెలుసు, కానీ ఆది తాళం అని రాసి ఉన్నది నా చిన్నప్పుడు మా నాయన గోడ మీద చేత్తో కొట్టి నేర్పిన ఎనిమిది లెక్కే. ఆయన బడికి పోలేదు, దానికో పేరుందని కూడా ఆయనకు తెలీదు. ఆ తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే పోయాను.

పోతే అందరూ మురిసిపోయారనుకోకండి. 'చావులకు కొట్టే డప్పు గుళ్లోకి ఎందుకు' అని ఒక పెద్దమనిషి మొహం మీదే అన్నాడు. ఇంట్లో నాయనకు ఇంకో రకం కోపం. అవన్నీ ఇప్పుడెందుకు.

సిద్దిపేట, రామాయంపేట మీదుగా బస్సుల్లో నిలబడి నిలబడి మెదక్ చేరేసరికి రాత్రి పది దాటింది. మేడారం జాతర చూసినవాణ్ణి, జనం నాకు కొత్త కాదు. కానీ అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఇక్కడ సగం మంది గుడి వైపు నడుస్తుంటే సగం మంది గుడికి వీపు పెట్టి సెల్ఫీలు. 175 అడుగుల గోపురం దీపాలతో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది, దాని దగ్గరికి పోవడమే గగనం. గుడి కట్టిన కథ తెలిసిందే, కరువులో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే మిషనరీ దొర మొదలుపెట్టి 1914 నుంచి 1924 దాకా కట్టించాడు. ఆ రాళ్లు మోస్తూ ఏం పాడుకున్నారో అని నాకెప్పుడూ అనిపిస్తుంది, కడుపు కాలుతున్నా మనవాళ్లు పాట లేకుండా బరువు ఎత్తరు కదా.

ఆవరణలో ఎక్కడ చూసినా గుడారాలు, దుప్పట్లు, పొయ్యిలు. మావాళ్లు ఒక చెట్టు కింద కూర్చుని పాట ఎత్తుకున్నారు. సిర్రతో ఒక్క దెబ్బ వేశాను. బొద్దుమని మూగ సప్పుడు. మంచుకు తోలు మెత్తబడింది. ఇంత దూరం వచ్చి, ఇంత చేసి, ఇదా అని ఏడుపొచ్చింది. మంట పెట్టి తోలు కాపుదామంటే, పుల్లలు ఏరుకోడానికి కాలు పెట్టే సందు లేదు.

పక్క గుడారంలో ఒక అవ్వ లేచి కూర్చుంది.

"డప్పు సల్లవడ్డదా బిడ్డా?"

"అవునవ్వా, మంచుకు."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పండుకున్న మనవణ్ణి ఒక పక్కకు దొర్లించి, బొంత ఎత్తి, కింద పరిచిన వరిగడ్డి రెండు చేతులా తీసి నా ముందు పడేసింది. చలికి పిల్లాడి కోసం ఊరి నుంచి మోసుకొచ్చుకున్న గడ్డి అది. వద్దవ్వా అంటే వినలేదు, "కొంచెం ఉంచిన తియ్యి, కాపుకో" అంది. గడ్డి అంటించి మంట మీద డప్పు తిప్పుతూ వేలితో తట్టి చూస్తున్నా. టప్, టప్, తర్వాత టంగుమంది. ఆ సప్పుడుకు పిల్లాడు లేచాడు, లేచి ఏడవలేదు, దగ్గరికొచ్చి చేతులు కాపుకున్నాడు. ఎన్ని పాటలు కొట్టానో గుర్తులేదు. సిటికెన పుల్ల, అంటే రెండో చేతి సన్న పుల్ల, విరిగితే చీపురు పుల్ల కట్టుకుని మరీ కొట్టాను. అవ్వ కూర్చున్నచోటే ఊగుతోంది.

తెల్లవారుజామున ఆరాధనకు లోపలికి పోదామని వరుసలో నిలబడితే అది కదలదు. 'డప్పు తలకు తగుల్తుంది' అని ఒకాయన తిట్టాడు, తగిలింది నిజమే. లోపలికి అడుగుపెట్టేసరికి తెల్లవారుతోంది. పాట వినిపిస్తోంది, ఏ పాటో తోపులాటలో అర్థం కాలేదు. బలిపీఠం వెనక, యేసు పరలోకానికి ఎక్కిపోయే ఆరోహణం బొమ్మ ఉన్న రంగు అద్దాల కిటికీ నల్ల గోడలా ఉంది. చూస్తుండగానే పైన ఒక ముక్క వెలిగింది. తర్వాత దాని పక్కది. ఇంకో నిమిషం ఉంటే ముఖం కనిపించేదేమో, 'నడవండి నడవండి' అని వెనక నుంచి తోశారు, బయటపడ్డాను. అవ్వ కోసం తిరిగొచ్చి చూస్తే గుడారం లేదు, మసి ఉంది.

తిరుగు బస్సులో సిద్దిపేట దాటాక ఫోన్ మోగింది. మా ఊరి నుంచి, ఒక పెద్దాయన చనిపోయాడట, పొద్దున్నే డప్పు కావాలి.

"చెయ్యి మంచిగైందట గదా, వస్తవా?"

"వస్త అన్నా," అన్నాను. "గడ్డి జర ఎక్కువ తెచ్చి పెట్టుండ్రి."