మెరూన్ జాకెట్టు, ఆకుపచ్చ దారం

పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషను. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుంచి కూడా జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తారు. నిరుడు నెల రోజులైనా దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించారు. క్షయ అని తేలింది. ఆరు నెలల మందులు.

మొదటి రోజే ఆశా కార్యకర్త, "అక్కా, మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఈ మందుల్లో రిఫాంపిసిన్ అనేదాని గుణం అది, కంగారు పడకు" అంది. అలాగే వచ్చింది. ఆ మాట నాకు కొండంత ధైర్యం. కాని ఆ తర్వాత ఒంట్లో ఏ తేడా వచ్చినా అదీ మందుల గుణమేలే అని ఊరుకోవడం అలవాటైపోయింది. అరికాళ్లు తిమ్మిరెక్కితే కూడా ఎవరికీ చెప్పలేదు. దానికి బి6 విటమిన్ మాత్ర చాలునని తర్వాత తెలిసింది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం ఎదురింటావిడ జాకెట్టు తిరగేసి చూసి, "ఇదేమిటి వదినా, మెరూన్ గుడ్డకు ఆకుపచ్చ దారం వేశావు?" అంది. నా కంటికది మెరూన్ దారమే. రీలునూ గుడ్డనూ గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. రెండూ ఒకే మట్టి రంగు. ఇరవై ఏళ్లుగా దారం రంగు కలిపిన చేతులు వణికాయి.

మందులన్నీ మానేయమన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు, సగంలో మానితే క్షయ మొండికేస్తుంది. మరునాడు మాత్రలు వేసుకోకముందే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు ఒక్కో కన్నూ మూయించి, రంగు చుక్కల మధ్య ఉన్న అంకెలు చదవమన్నారు. చాలావాటిలో నాకు చుక్కలే కనిపించాయి. "మీ క్షయ మందుల్లో ఇథాంబుటాల్ అనేది కంటి నరాన్ని దెబ్బతీస్తోందమ్మా. ఆలస్యం చేస్తే చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు" అన్నారు. ఒకే మాత్రలో మూడు మందులు కలిసి ఉంటాయి కనుక అదొక్కటీ నేను తీసేయగలిగేది కాదు. ఆయనే అది లేని మాత్రలకు మార్చారు.

ఆ రోజే ఇంకో మాట చెప్పారు. నారింజ రంగు సరే. ఆగని వాంతులు, అన్నం సయించకపోవడం, కళ్లు పచ్చబడటం, మూత్రం డికాషన్‌లా నల్లబడటం కనిపిస్తే అది కాలేయం సంగతి, ఆ పూటే రావాలి అన్నారు.

రంగులు తేటపడటానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ పొద్దున్నే ఎర్ర రీలు, ఆకుపచ్చ రీలు పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూసుకున్నాకే మిషను ముందు కూర్చుంటాను.