వానలు చూసి వేసుకోవాల్సిన టైంటేబుల్

కందుకూరు, కనిగిరి వైపు చిన్న జెడ్పీ హైస్కూళ్లలో చదువుకూ ఆటలకూ పేచీ అంతా సాయంత్రం గంట దగ్గరే. ఎనిమిదో తరగతిలో పాతికమంది ఉంటే ఖోఖో ఆడాల్సిందీ వాళ్లే, ఎన్‌ఎంఎంఎస్ (చదువులో ముందున్న పేద పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష) రాయాల్సిందీ వాళ్లే. ఈ తగువు మన వానలే తీరుస్తాయి. అక్టోబరులో వాయుగుండాలు మొదలైతే నల్లరేగడి గ్రౌండులో అడుగు పడదు. అందుకే సెప్టెంబరు దాకా ఆ గంట ఆటకి, అక్టోబరు, నవంబరు పరీక్షకి ఇచ్చేయాలి. పరీక్ష మామూలుగా డిసెంబరులోనే.

ఖోఖోకి రెండు స్తంభాలు, సుద్దపొడి చాలు. పెద్దల కోర్టు పొడవు 27 మీటర్లు, వెడల్పు 16. గీత గీసేముందు మూలనుంచి మూలకి తాడు పట్టి చూడండి: రెండువైపులా 31 మీటర్ల 38 సెంటీమీటర్లు రావాలి. రాలేదంటే కోర్టు వంకరే. పిల్లలు ఎక్కువగా ఫౌలయ్యేది రెండుచోట్ల. వీపు తట్టి ‘ఖో’ అనకముందే కూర్చున్నవాళ్లు లేచిపోతారు. లేచాక ఒక దిక్కు పట్టినవాళ్లు, రన్నర్ పక్కనుంచి తప్పించుకోగానే స్తంభం దాకా వెళ్లకుండా వెనక్కి తిరుగుతారు. వేగం తర్వాత నేర్పొచ్చు, మొదటి రెండు వారాలు నడకతోనే ఆడించి ఈ రెండూ మాన్పించాలి.

ఇక ఎన్‌ఎంఎంఎస్. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులవి 90, ఒక్కోదానికి 90 నిమిషాలు. తప్పుకి మార్కులు కోయరు, కాబట్టి ఒక్క గడీ కూడా ఖాళీగా వదలకూడదు. మన పిల్లలు తడబడేది లెక్కల్లో కంటే అద్దంలో బొమ్మల దగ్గరే. నోటితో చెబితే ఎక్కదు. బడికి ఒక చిన్న అద్దం తెచ్చి, కాగితం మీద గడియారం బొమ్మ గీసి, పక్కన నిలబెట్టి చూపించండి. ఒక్క సాయంత్రంలో పట్టేస్తారు.

ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు. కష్టపడి తెచ్చుకున్న ఆ డబ్బు కాగితాల దగ్గర పోతే కడుపు తరుక్కుపోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివర, బడి రిజిస్టర్లో మొదట ఉంటుంది, లేదా ఒకచోట పొట్టి అక్షరమే ఉంటుంది. దరఖాస్తుకి ముందే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో రెన్యువల్ ఏటా చేయాల్సిందే.

అన్నిటికంటే పెద్ద నష్టం పదో తరగతి అయ్యాక. ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో చదివితేనే వస్తుంది. కాలేజీల వాళ్లు అడ్మిషన్లకని ఇల్లిల్లూ తిరగకముందే, ఫిబ్రవరిలోనే తల్లిదండ్రుల్ని పిలిచి ఈ మాట చెప్పేయండి.