దెయ్యం ముఖం చూపించాలా, వద్దా?

ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు. ఇలాంటి రోజుకి నలుపు తెలుపు భయమే బాగా కుదురుతుంది. ఇవాళ్టి వరస: ముందు ‘క్యాట్ పీపుల్’ (1942), తర్వాత ‘నైట్ ఆఫ్ ది డీమన్’ (1957). రెండూ జాక్ టూర్నర్ తీసినవే. ఈ వరస తిప్పకూడదు. మొదటిదాంట్లో ఆయన ఏం దాచాడో చూశాక, రెండోదాంట్లో ఆయన చేత ఏం చూపించారో ఇట్టే తెలిసిపోతుంది.

‘క్యాట్ పీపుల్’ 73 నిమిషాలే. ఆర్.కె.ఓ. స్టూడియో, నిర్మాత వాల్ లూటన్, చిన్న బడ్జెట్టు. రాత్రి నడక సీను చూడండి. ఒకామె ముందు నడుస్తోంది, చిరుతగా మారుతుందేమోనని అనుమానమున్న ఇంకొకామె వెనక. సంగీతం లేదు, రెండు జతల హైహీల్స్ చప్పుడు మాత్రం. కాసేపటికి వెనక జత ఆగిపోతుంది. ముందున్నామె తిరిగి చూస్తే దీపాల కింద ఎవరూ లేరు. నడక కాస్తా పరుగవుతుంది. సరిగ్గా అప్పుడు బస్సు ఫ్రేములోకి దూసుకొస్తుంది. దాని బ్రేకు గాలి మృగం బుసలా చెవిలో పడుతుంది. ఎడిటింగ్ మార్క్ రాబ్సన్. ఈ ఎత్తుకి తర్వాత ‘లూటన్ బస్సు’ అనే పేరు స్థిరపడింది. కాపీ కొట్టేవాళ్ళు బస్సుని పట్టుకుపోతారు, దాని ముందున్న నిశ్శబ్దాన్ని వదిలేస్తారు. అందుకే ఇప్పటి సినిమాల్లో ఉలిక్కిపడతాం గానీ భయపడం.

ఇక రెండోది. (కథ తెలియకూడదనుకునేవాళ్ళు ఇక్కడ ఆగండి.) ఇంగ్లీషులో దెయ్యం కథలకి పేరుపడ్డ ఎం.ఆర్. జేమ్స్ 1911 నాటి కథ దీనికి ఆధారం. కార్స్‌వెల్ అనే మంత్రగాడు పాత లిపి రాసిన చీటీని శత్రువు కాగితాల్లోకి జారవేస్తాడు. చెప్పిన గడువుకి ఒక పిశాచం వచ్చి చీటీ ఉన్నవాణ్ణి చంపుతుంది. తప్పించుకోవాలంటే ఒకటే దారి, చీటీని ఇచ్చినవాడికే తెలియకుండా తిరిగి అంటగట్టాలి. చేతబడి కథలు విని పెరిగిన మనకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. కథానాయకుడు హోల్డెన్ అమెరికా నుంచి లండన్ వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త, ఇవేవీ నమ్మడు. నయాల్ మెక్‌గినిస్ వేసిన కార్స్‌వెల్ మాత్రం అద్భుతం. పిల్లల పార్టీలో విదూషకుడి మేకప్ వేసుకుని గారడీ చేస్తూ, అదే వేషంలో తుఫాను రప్పిస్తాడు. విలన్ ఎంత మర్యాదగా మాట్లాడితే అంత ఒణుకు.

గొడవంతా పిశాచం గురించే. సినిమా మొదలైన కాసేపటికే, చెట్ల మీద పొగలోంచి అది నడిచి వస్తుంది, ఆపైన ముఖం క్లోజప్పులో. ఇది నిర్మాత హాల్ చెస్టర్ పట్టుదల. తను కోరుకున్నది చిట్టచివర నాలుగే ఫ్రేములని టూర్నర్ తర్వాత చెప్పాడు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి, సెకనులో ఆరో వంతు! చూశామా లేదా అని ప్రేక్షకుడు పక్కవాణ్ణి అడగాలన్నమాట. నా ఓటు సగం సగం. పొగ, పిశాచం వచ్చేటప్పటి కీచు చప్పుడు, దూరంగా కనిపించే ఆకారం ఉండాల్సిందే. క్లోజప్పు మాత్రం సంతలో రబ్బరు మాస్కు.

నిజానికి అంతకన్నా చెడ్డ సీను ఇంకోటుంది. హోల్డెన్ రాత్రిపూట కార్స్‌వెల్ బంగళాలో దొంగతనంగా దూరితే, పిల్లి చిరుతగా మారి మీద పడుతుంది. అక్కడ నటుడే బొమ్మని పట్టుకుని దొర్లుతున్నట్టు తెలిసిపోతుంది. దానికి ముందు వచ్చే చిన్న షాటు వదలకండి. అతను మెట్లు దిగుతుంటే, మన కళ్ళ ముందే ఎవరిదో చెయ్యి మెట్ల పక్క కమ్మీ మీద వాలుతుంది. అది ఎవరిదో సినిమా చెప్పదు. ఖర్చు లేని దెయ్యం!

చూసేముందు నిడివి సరిచూసుకోవాలి. బ్రిటిష్ ప్రింటు సుమారు 96 నిమిషాలు. అమెరికాలో ‘కర్స్ ఆఫ్ ది డీమన్’ పేరుతో వచ్చింది 82 నిమిషాలకి కుదించినది. హోల్డెన్ హోబర్ట్ అనేవాళ్ళ కుటుంబం పొలానికి వెళ్ళే సీను అందులో ఉండదు. పాత PAL (ఐరోపా, మన దేశం లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి) డీవీడీలో 92 చూపిస్తే కంగారు పడొద్దు, అక్కడ సెకనుకి 25 ఫ్రేములు తిరగడం వల్ల తగ్గిన నిడివి అది, కోత కాదు. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నునుపు చేసే సెట్టింగు) ఆపేయండి, లేకపోతే పొగ పాకం కట్టినట్టు కదులుతుంది. గది చీకటి చేసుకోండి గానీ బ్రైట్‌నెస్ పెంచొద్దు, పెంచితే నీడలు బూడిద రంగుకి తిరిగి, దాచినదంతా బయటపడుతుంది.

మొదటిసారి చూసేవాళ్ళకి ఒక ప్రయోగం. సినిమా మొదట్లో పిశాచానికి బలయ్యే ప్రొఫెసర్ హారింగ్టన్ కారు ఇంటికి చేరగానే రిమోటు చేతిలో పెట్టుకోండి. చెట్ల మధ్య పొగ కనిపించగానే ముందుకి జరిపి, హోల్డెన్ విమానంలో కనిపించే చోట ఆపండి. అప్పుడు హారింగ్టన్ కారు కరెంటు స్తంభానికి గుద్దుకుని, తీగలు మీద పడి చచ్చిపోయాడన్న మాట మీకూ హోల్డెన్‌కీ ఒకేసారి తెలుస్తుంది. నమ్మకపోవడానికి అతనికి ఎన్ని కారణాలున్నాయో మీకూ అన్నే ఉంటాయి. చీటీ గాలి లేకుండానే మంట వైపు ఎగిరే దాకా.