ఆయాసం మనసుది కాదు, వాల్వుది

మొన్న గురువారం గుండె వాల్వుకి బెలూన్ చికిత్స చేయించుకుని ఇంటికొచ్చాను. గజ్జల్లో ప్లాస్టర్ వేసిన చోట ఇంకా దురద పెడుతోంది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

నా జబ్బు పేరు మైట్రల్ స్టెనోసిస్. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే వాల్వు సన్నబడిపోవడం. మామూలుగా అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. నాది 0.9. రక్తం కిందికి దిగక ఒత్తిడంతా ఊపిరితిత్తుల మీదికి తంతుంది, అందుకే ఆయాసం. ఈ నాలుగు ముక్కలు చెప్పే మనిషి దొరికేసరికి నా రెండోవాడు బళ్లో చేరాడు.

వాడు కడుపులో ఉండగానే మొదలైంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుందట, అప్పటిదాకా దాక్కున్న జబ్బు అప్పుడే బయటపడుతుందట. "నెలలు నిండుతుంటే ఆయాసం రాదా" అన్నారు అందరూ. కాన్పయ్యాకా తగ్గలేదు. బిందె ఎత్తితే రొప్పు, మేడెక్కితే గుండెదడ. వెల్లకిలా పడుకుంటే దగ్గు. దిండు మీద దిండు వేసుకుని, చివరికి గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. ఒకరు రక్తం తక్కువన్నారు. ఒకరు ఉబ్బసమని ఇన్‌హేలర్ ఇచ్చారు. కళ్లెలో నెత్తుటి జీర కనబడితే టీబీ పరీక్ష చేయించారు, ఏమీ లేదన్నారు. వీళ్లెవరినీ నేను తప్పుపట్టను.

నాకు మంట ఆ ఊపిరితిత్తుల పెద్ద డాక్టరు మీద. పక్కనే అత్తయ్య, మా ఆయన. ఎక్స్‌రే లైటుకి ఎత్తి చూసి బల్ల మీద పడేశాడు. స్టెతస్కోపు చీర మీదే వీపున రెండుచోట్ల ఆనించాడు, ముందువైపు పెట్టనే లేదు. తర్వాత నన్ను కాదు, మా ఆయన్ని అడిగాడు: "ఇంట్లో ఏమన్నా గొడవలా?" ఈయన నీళ్లు నమిలారు. "లంగ్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇదంతా మనసులోది. చదువుకున్న ఆడవాళ్లకి ఇది ఎక్కువ" అని నవ్వాడు. తలుపు దగ్గర చీటీలు పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు. రాత్రిళ్లు పడుకోలేకపోతున్నానండీ అని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అందుకే నిద్రమాత్ర రాస్తున్నా" అన్నాడు.

బస్సులో అత్తయ్య, "డాక్టరే చెప్పాడుగా, మనసు గట్టి చేసుకో" అంది. నెల తిరక్కుండా ఆ మాట కాస్తా "పని తప్పించుకోడానికి వేషాలు" అయి కూర్చుంది. మగాడు ఛాతీ మీద చెయ్యి వేసుకుంటే ఇల్లంతా ఆటో కోసం పరుగెడుతుంది. ఆడది రొప్పితే ముందు ఆమె బుద్ధిని పరీక్ష చేస్తారు. అదే ఎక్స్‌రేలో గుండె ఎడమ అంచు నిటారుగా ఉండటం చూపించి, ఎడమ పై గది ఉబ్బిందనడానికి ఇది గుర్తని తర్వాత గుండె డాక్టరు చెప్పాడు. ఆ రోజు అది ఆ ఊపిరితిత్తుల డాక్టరు చేతిలోనే ఉంది.

అసలు సంగతి పట్టుకున్నది మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని చిన్న డాక్టరమ్మ. బాబుకి ఐదేళ్ల టీకా వేయించడానికి వెళ్తే, నేను రొప్పడం చూసి లోపలికి పిలిచింది. ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది. ఫ్యాన్ ఆపించింది. స్టెతస్కోపు బిళ్ల తిప్పి రెండోవైపు ఎడమ రొమ్ము కింద ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు వింది. "చిన్నప్పుడు కీళ్లు వాచాయా? ఒకటి తగ్గి ఇంకోటి?"

వాచాయి. ఏడో తరగతిలో, గొంతునొప్పితో జ్వరం తగ్గిన కొన్ని వారాలకి. అమ్మ నువ్వుల నూనె మర్దనా చేసింది, తగ్గింది, అందరం మర్చిపోయాం. దాన్ని రుమాటిక్ జ్వరం అంటారట. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద లేచిన ఒంటి రక్షణే దారి తప్పి వాల్వు మీద పడుతుంది. ఏళ్ల తరబడి రెక్కలు మందమై అంచులు అతుక్కుపోతాయి. పిల్లల గొంతునొప్పికి ఐస్‌క్రీమే కారణమని సరిపెట్టుకునే తల్లులు ఇది రెండుసార్లు చదవండి.

ఎకో (గుండె స్కానింగ్) ఒక పూటలో అయిపోయింది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కాగితాలు ఆరోగ్యమిత్రే చూసుకుంది. పై గదిలో రక్తం గడ్డ ఉందేమో చూడటానికి గొంతులోంచి గొట్టం మింగించారు, అది మాత్రం నరకం. బెలూన్‌కి మత్తు కూడా ఇవ్వలేదు, గజ్జల్లో తిమ్మిరి ఇంజెక్షనే. తొడ సిర గుండా గుండెలోకి వెళ్లి, రెండు పై గదుల మధ్య గోడ దాటి, వాల్వులో బెలూన్ ఉబ్బించారు. కొన్ని క్షణాలే. అతుక్కున్న అంచులు విడిపోయాయి. 0.9 కాస్తా 1.8 అయింది. నిన్న మేడ మీదికి ఆగకుండా ఎక్కాను, అత్తయ్య చూస్తుండగానే.

అందరికీ బెలూన్ కుదరదు. వాల్వు బాగా సున్నం పట్టినా, బాగా లీకవుతున్నా ఆపరేషనే. నా పక్క వార్డులో తాతగారిది అయోర్టిక్ వాల్వు (గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్లే చోటుది), వయసుతో సున్నం పట్టింది. ఆయనకి నడిస్తే ఛాతీనొప్పి, గుడి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాడు. వాల్వే మార్చాలన్నారు.

ఎకో అయిన దగ్గర్నుంచి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, 12 లక్షల యూనిట్లు. కనీసం 40 ఏళ్లు నిండేదాకా తప్పదు, మళ్లీ ఆ జ్వరం రాకూడదుగా. మా వీధి క్లినిక్‌లో "రియాక్షన్ వస్తే మా మీదికొస్తుంది" అని, మేం వెయ్యం అన్నారు. డాక్టరమ్మ టెస్ట్ డోస్ వేసి, అరగంట కూర్చోబెట్టి, తనే వేస్తోంది. మీకూ రాస్తే మరీ సన్న సూది వద్దని ముందే చెప్పండి. మందు చిక్కగా ఉంటుంది, మధ్యలో ఇరుక్కుంటే మళ్లీ పొడిపించుకోవాలి.