క్వీన్ అని పేరున్న మగ మొక్క

ఆదివారం, సాయంత్రం.

వేళ్ళకి సేజ్ అనే మందు మొక్క వాసన ఇంకా పోలేదు. సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఎడమ బొటనవేలి మీద, హాలీ అనే ముళ్ళ ఆకుల పొద ఆకు గుచ్చుకున్న చోట, చిన్న ఎర్ర చుక్క. పొద్దంతా ఈ రెండు మొక్కల దగ్గరే గడిచిపోయింది.

పొద్దున నీళ్ళు పోస్తుంటే పాప వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, దీనికి ఎర్ర పళ్ళు ఎప్పుడు కాస్తాయి?" అంది. ఏటా అడుగుతుంది, ఏటా నేను "వచ్చే ఏడు" అంటాను. హాలీ నాటి ఆరేళ్ళయింది. అన్ని కాలాల్లోనూ ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడతాయి, వాటి అంచు చుట్టూ మీగడ రంగు పట్టీ, లేత చిగుళ్ళలో గులాబీ ఛాయ. పొద నా భుజం దాకా వచ్చింది. పూత కూడా వస్తోంది. కాయ మాత్రం ఒక్కటి లేదు. నీళ్ళు చాలలేదేమో, ఎరువు తప్పు వేశానేమో, చోటు మంచిది కాదేమో అని ఇన్నేళ్ళూ నాలో నేనే బాధపడ్డాను.

ఈరోజు కొమ్మలన్నీ పూలే. పాప లోపలికి పరుగెత్తి భూతద్దం తెచ్చింది. పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది. నాలుగు తెల్లటి రేకలు, వాటి మధ్యన నాలుగు కేసరాలు, వాటి కొసల నిండా పసుపు పొడి. వేలు ఆనిస్తే పొడి అంటుకుంది. అండాశయం కోసం వెతికాను. అది ఉండాల్సిన చోట ఉన్నది చిన్న బొడిపె, అంతే. ఇంకో పది పూలు చూశాను. అన్నీ అంతే.

హాలీలో ఆడ, మగ వేర్వేరు మొక్కలు. ఆడ పువ్వులోనూ నాలుగు కేసరాలు కనిపిస్తాయి కానీ వాటిలో పుప్పొడి ఉండదు, నడుమ మాత్రం పచ్చటి గుండ్రటి అండాశయం స్పష్టంగా ఉంటుంది. అదే కాయై ఎర్రబడుతుంది. మాది మగ మొక్క. ఎంత ఎరువు వేసినా కాయదు. తెచ్చినప్పుడు దాని చీటీ మీద "సిల్వర్ క్వీన్" అని ఉంది. రాణి కదా, కాస్తుందనే అనుకున్నాం. తీరా చూస్తే ఆ రకం మగదేనట. "గోల్డెన్ కింగ్" అనే రకమేమో ఆడది, పళ్ళు కాస్తుంది. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పువ్వు విప్పి చూడలేదా అనిపించింది. ఏదైతేనేం, ఆరేళ్ళ బాధ తీరింది. మొక్కలో లోపం లేదు, నా పెంపకంలోనూ లేదు.

"అయితే ఇది వేస్టా?" అంది పాప. కాదురా, ఇంకో ఆడ మొక్క తెచ్చి దగ్గర్లో పెడితే తేనెటీగలు ఈ పొడి అక్కడికి మోసుకెళ్తాయి, దానికి పళ్ళు కాయాలంటే ఇదే కావాలి అని చెప్పాను. ఒక్క మగ మొక్క చుట్టుపక్కల చాలా ఆడ మొక్కలకి సరిపోతుంది. అయితే ఆ పళ్ళు పక్షులకే, మనకి కాదు. పిల్లలు నాలుగైదు నోట్లో వేసుకున్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. పాప ఇంకా చిన్నగా ఉన్న ఈ ఆరేళ్ళలో పళ్ళు కాయకపోవడమే మంచిదైంది.

వెంటనే పాప పక్కనున్న సేజ్ వైపు తిరిగింది. "మరి ఇది ఆడదా, మగదా?"

అప్పుడు మొదలైంది అసలు సంబరం. సేజ్ కూడా విరగబూసి ఉంది, ఊదారంగు పూలు అంతస్తులుగా. ఇందులో ఆడా మగా రెండూ ఒకే పువ్వులో ఉంటాయి, కానీ ఒకేసారి పనిచేయవు. ఒక గడ్డిపరక తెంపి పువ్వు గొంతులోకి మెల్లగా దూర్చాను. పై రేక కింద దాక్కున్న రెండు కేసరాలు తూనిక కాడలా వంగి గడ్డిపరక వీపు మీద వాలాయి. పరక వెనక్కి లాగితే మళ్ళీ పైకి లేచాయి. పరక మీద పసుపు గీత పడింది. తేనెటీగ తల లోపలికి పెట్టినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఆ తర్వాత అదే పువ్వులో కీలం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కాడ, పొడవై కిందికి వంగుతుంది, ఇంకో పువ్వు నుంచి వచ్చిన తేనెటీగ వీపు మీది పొడిని అందుకుంటుంది. ఈ మీట పనిని 1793లోనే జర్మనీకి చెందిన క్రిస్టియాన్ కోన్రాడ్ స్ప్రెంగెల్ బొమ్మలతో సహా వివరించాడు. పాప గడ్డిపరకతో ఇరవై పూలైనా ఆడించి ఉంటుంది. నేను ఆపలేదు.

ముల్లు గుచ్చుకున్నది కలుపు తీస్తున్నప్పుడు. హాలీ ఎప్పుడూ పచ్చగా ఉన్నా ఆకులు రాల్చదని కాదు. పాత ఆకులు ఈ కాలంలోనే రాలతాయి. ఎండిన ఆకు పచ్చి ఆకు కన్నా ఘోరం, గట్టిపడి సూదిలా లేస్తుంది. చేతి తొడుగులు లేకుండా మట్టిలో చెయ్యి పెట్టాను, గుచ్చుకుంది. లాటిన్ పేరు ఆక్విఫోలియంలోనే సూది ఆకు అనే అర్థం ఉంది.

సేజ్‌కి ముల్లు లేదు. ఆకు పట్టుకుంటే మెత్తగా, గరుకు గుడ్డలా, బూడిద రంగు నూగుతో ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని సాధువనీ, హాలీని కోపిష్టిదనీ అనుకునేదాన్ని. ఈరోజు భూతద్దం కింద సేజ్ ఆకు అడుగు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నూగు మధ్యలో మంచు బిందువుల్లాంటి సన్నటి బొట్లు. అవి నూనె గ్రంథులు. వేలితో నలిపితే చిట్లి వాసన గుప్పుమంటుంది, అందులో కర్పూరం ఘాటు స్పష్టంగా తెలుస్తుంది, నిజంగానే ఆ నూనెలో కర్పూరం ఉంది, థుజోన్ అనే ఘాటు రసాయనం ఉంది. మనకి హాయిగా ఉండే ఈ ఘాటు పురుగుకీ మేకకీ "నన్ను తినకు" అనే హెచ్చరిక. సేజ్‌కి అదే ముల్లు, పైకి కనబడదు అంతే.

హాలీ మాత్రం ముల్లుని అవసరమైన చోటే పెడుతుంది. పెద్ద చెట్లలో జంతువుల నోటికి అందే కింది కొమ్మల ఆకులకి ముళ్ళు ఎక్కువ, పై కొమ్మల ఆకులు చాలావరకు నున్నగా ఉంటాయి. స్పెయిన్‌లో కార్లోస్ హెరెరా, పిలార్ బజాగా దీన్ని పరిశీలించి, ఒకే చెట్టు మీది ముళ్ళ ఆకులకీ నున్నటి ఆకులకీ డీఎన్‌ఏ మీద ఉండే రసాయన గుర్తుల్లో తేడా ఉందని చూపించారు. మేత తగిలిన కొమ్మ ముళ్ళ ఆకులు వేస్తుందన్నమాట. నాకు ఈ విషయం ఎంత నచ్చిందంటే, గుచ్చుకున్న వేలు నొప్పి కాసేపు మర్చిపోయాను.

మందు సంగతికొస్తే సేజ్‌దే పైచేయి. దాని లాటిన్ పేరు సాల్వియాకి మూలం బాగుచేయడం అనే అర్థమున్న లాటిన్ మాట. గొంతు, చిగుళ్ళ వాపుకి ఆకు కషాయంతో పుక్కిలించడం యూరప్‌లో పాత అలవాటు, యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా దీన్ని సంప్రదాయ వాడకంగా ఒప్పుకుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దని కూడా అదే చెప్పింది. చిక్కటి నూనె మాత్రం నేను ఎవరినీ తాగనివ్వను, థుజోన్ మోతాదు మించితే మూర్ఛ వస్తుంది.

మధ్యాహ్నం కత్తెర పట్టుకుని సేజ్ ముందు కూర్చున్నాను. నిరుడు నేను చేసిన తప్పు ఇంకా అక్కడే ఉంది. బాగా గుబురు రావాలని కొమ్మల్ని ఆకుల్లేని పాత చెక్క దాకా కొట్టేశాను. హాలీ అయితే అంత కొట్టినా మళ్ళీ చిగురిస్తుంది. సేజ్ చిగురించలేదు, ఎడమ పక్కంతా మోడైపోయింది. మొక్కకి కూడా వయసైంది, నాలుగైదేళ్ళకే మొదలు చెక్కబారి బోలుగా అవుతుంది. హాలీ నా తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు ఉంటుంది. సేజ్ ఉండాలంటే నేను మళ్ళీ మళ్ళీ నాటుతూ ఉండాలి. పూలు లేని లేత కొమ్మలు ఏడు కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టాను. ఏడింట్లో నాలుగు వేళ్ళు పట్టినా చాలు.

ఇందాక కుండీలు సర్దడానికి బయటికి వెళితే హాలీ మొదట్లో చీటీ తిరగబడి ఉంది. పాప వెనకవైపు పెన్సిల్‌తో "అబ్బాయి" అని రాసి, పక్కన ఒక తేనెటీగ బొమ్మ వేసింది. వానకి చెరిగిపోకుండా పైన టేపు అంటించి, ఆ వైపే కనబడేలా గుచ్చాను.