కృష్ణ వరకు జీరో టికెట్

మహబూబ్‌నగర్ బస్టాండులో రాయచూర్ బస్సు కోసం నిలబడి నిలబడి విసుగొచ్చింది. రెండు గుటకల టీకి పదిహేను రూపాయలు. వచ్చిన బస్సులో కాలు పెట్టే సందు లేదు, దేవరకద్రలో కొందరు దిగాక గానీ సీటు దొరకలేదు. రాయచూర్‌లో నా పని గురించి రాయడానికేమీ లేదు. పక్క సీటాయన చెప్పిన ముచ్చటే ఇంకా బుర్రలో తిరుగుతోంది.

మాట కలిసింది టికెట్ పంచాయితీతో. ముందు సీట్లో ఒక పెద్దమ్మ రాయచూర్ ఆస్పత్రికి పోతోంది. ఆడవాళ్లకు ఫ్రీ మన రాష్ట్రం హద్దు వరకే కదా, కండక్టర్ కృష్ణ వరకు జీరో టికెట్ కొట్టి అవతలికి పైసలడిగాడు. "ఏటికి ఆ ఒడ్డు వేరే దేశమా బిడ్డా?" అందామె. అందరూ నవ్వారు, నా పక్కనాయన తప్ప. "వేరే దేశమైతే ఎట్లుంటదో నేను రోజూ చూస్తున్ననమ్మా" అన్నాడు. బీఎస్ఎఫ్ జవాను, సెలవు మీద మక్తల్ దగ్గర సొంతూరికి పోతున్నాడు. డ్యూటీ బెంగాల్‌లోని కూచ్‌బెహార్ వైపు, బంగ్లాదేశ్ సరిహద్దులో.

ఆ సరిహద్దు 4,096 కిలోమీటర్లు. ఎనభైలలో మొదలుపెట్టిన కంచె ఇంకా పూర్తి కాలేదు. అదీ సరిగ్గా గీత మీద ఉండదు. గీతకు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు ఉండకూడదని 1975లో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి, అందుకని కంచె మన భూమిలోకి జరిగి, మన రైతుల పొలాలు, కొన్నిచోట్ల ఇళ్లు కూడా దానికి అవతల పడ్డాయి. గేటు తీసే వేళకు కార్డు ఇచ్చి పోవాలి, మూసేలోపు తిరిగి రావాలి. జనపనార, మక్క ఏపుగా పెరిగితే చూపు ఆనదని అదో పేచీ. "మన దిక్కు ఎవరి చేన్లకు వాళ్లు పోతాంటే కార్డు అడిగితే ఊకుంటరా అన్నా?" అన్నాడు. రాత్రిపూట పురిటినొప్పులొస్తే గేటు తీయించడం ఎంత తిప్పలో కూడా చెప్పాడు.

మరి కంచె పడ్డాక అటునుంచి జనం దొంగచాటుగా రావడం ఆగిందా అనడిగాను.

"తగ్గింది. ఆగలె. దలాల్ రేటు పెరిగింది."

ఈ మాట మా పాలమూరు వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా చిన్నాయన పీర్ల పండుగకు వచ్చి, మళ్లీ మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు తట్టా పారా పట్టుకుని బొంబాయి బస్సెక్కేవాడు. వానల్లేవు, బోరు ఎండింది, నెత్తి మీద అప్పు. దారిలో ముళ్లకంచె ఉంటే ఆగేవాడా? ఇంకో అప్పు చేసి దలాల్‌కు కట్టి దాటేవాడు. మా వలస కొంతైనా తగ్గిందంటే భీమా, కోయిల్‌సాగర్ ప్రాజెక్టుల నీళ్లు పొలాల్లోకి వచ్చినందుకే. ఇప్పుడు నల్గొండ దిక్కు నాట్లకు బెంగాల్ కూలీలే వస్తున్నారు.

2011 జనవరి 7న అదే కూచ్‌బెహార్ సరిహద్దులో ఒక పదిహేనేళ్ల అమ్మాయి తండ్రితో కలిసి నిచ్చెన మీద కంచె దాటుతుంటే బట్టలు ముళ్లకు చిక్కుకున్నాయి. భయంతో అరిచింది, బీఎస్ఎఫ్ తుపాకీ పేలింది. గంటల తరబడి శవం ఆ తీగలకే వేలాడింది. ఆ పిల్ల మన దేశంలోకి వస్తూ చనిపోలేదు, పెళ్లి కోసం బంగ్లాదేశ్‌లోని సొంతూరికి తిరిగి పోతోంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఆ సంగతి ఎత్తితే జవాను, "మా దగ్గర అందరికీ తెలుసన్నా. అయినా లోపలికి ఎవరొస్తున్నరో సర్కారుకు తెల్వాలె గద" అన్నాడు. తెలియాలి, నేను కాదనను. దానికి కాగితం కావాలి, ఆఫీసు కావాలి, కూలికొచ్చేవాడు తలెత్తుకుని పేరు చెప్పుకునే దారి కావాలి. అటువంటి దారి తెరవకుండా ఎన్ని వేల కిలోమీటర్ల తీగ చుట్టినా దలాల్ జేబే నిండుతుంది. ఇదంతా ఆయనతో వాదిద్దామనుకునేలోపే మక్తల్ వచ్చింది. ట్రంకుపెట్టె దించుకుంటూ, సెలవు అయిపోగానే మళ్లీ గేటు డ్యూటీయే అని చెప్పి దిగిపోయాడు.